హరితరేణు సంబంధం

హుస్సేనీ ఆలంలోని ఈశ్వరయ్య గారికి మొక్కల పరిశోధన కేంద్రం నుంచి నమస్కారం.

పోయిన వారం మా మనిషి మీ ఇంటి వెనక, గిల్టు కార్ఖానా మురుగు మోరీ పక్కన మొలిచిన మొక్క ఆకులు తెంపుకొచ్చాడు. రాగీ నికెలూ కలిసిన ఆ నీళ్ళకు ఇంకొకటైతే మాడిపోయేది. మీది పచ్చగా నిలబడింది. హరితరేణువు ద్వారా మీ మొక్క వంశం ఏమిటో, ఎవరితో బంధుత్వం ఉందో తేల్చాలనుకుంటున్నాం. మీ అంగీకారం తెలపగలరు.

భవదీయురాలు,
ఇంద్రజ

తా.క. ఈలోగా దాన్ని ఇంకెవరికీ ఇచ్చేయకండి.

---

మహాలక్ష్మీ సమానురాలైన ఇంద్రజమ్మ గారికి ఈశ్వరయ్య నమస్కరించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

పెద్దింటివాళ్ళు సంబంధం సంగతి సూటిగా అడగరని నాకు తెలుసు. మా వంశాంకురాన్ని మొక్క అన్నారు, ముచ్చటేసింది. మా పెద్దవాడు కొండల్‌కు ముప్పై నాలుగు నిండాయి. పదేళ్ళుగా ఆ గిల్టు కార్ఖానాలోనే పని. చేతులకు పట్టిన పచ్చరంగు వదలక వచ్చిన సంబంధమల్లా తప్పిపోతోంది. మీరు ఆ పచ్చదనమే చూసి మెచ్చారు. నా ఇల్లాలు ఆండాలు ఏడ్చింది. "ఎన్నాళ్ళకు కండ్లున్నోళ్ళు దొరికిన్రయ్యా" అన్నది. వాడిని ఇంకెవరికీ ఇవ్వం.

మీ హరితరేణు ఎంతవరకు చదివింది? వంట వచ్చా?

ఇట్లు,
ఈశ్వరయ్య

తా.క. ఆకులు తెంపుకుపోయినందుకు ఏమీ అనుకోలేదు. తాంబూలాలకు తమలపాకులు మేమే తెస్తాం.

---

ఈశ్వరయ్య గారికి నమస్కారం.

మీ దస్తూరి సగం అర్థం కాలేదు, మన్నించాలి. అర్థమైనంతవరకు జవాబులు రాస్తున్నాను. హరితరేణువు చదవడం మొదటి నుంచి చివరిదాకా పూర్తయింది. వంట అన్నారు, నిజమే. కాస్త ఎండ తగిలితే చాలు, తన తిండి తనే వండుకుంటుంది. సాధారణంగా ఇది తల్లి నుంచే వస్తుంది, తండ్రి వాటా ఏమీ ఉండదు. ఇక ముఖ్యమైన సంగతి. కిషన్‌బాగ్‌లో రామలింగయ్య గారింట్లో ఉన్నదీ మీ ఇంట్లో ఉన్నదీ ఒకే తల్లి సంతానం. ఆయనకూ ఇదే రాశాం.

ఇంద్రజ

తా.క. ఇక మీదట మీదాన్ని మా దగ్గరే ఉంచుకోవాలని ఉంది.

---

ఇంద్రజమ్మకు ఈశ్వరయ్య రాయునది. క్షేమం లేదు.

మా వాడిని ఇల్లరికం పంపం. అది చిన్న లొల్లి. పెద్దది వేరే ఉంది. హరితరేణు రామలింగయ్య కూతురని ఇప్పుడు తెలిసింది. ఒకే తల్లి సంతానమైతే అన్నాచెల్లెళ్ళు కదా, వావీ వరసా చూడకుండా పిల్లనిస్తారా? కిషన్‌బాగ్‌లో నీకు బిడ్డ ఉన్నదా అని ఆండాలును అడిగాను. అప్పటినుంచి హోటల్లో తింటున్నాను. ఇది కూడా తప్పిపోతే కొండల్ ఇక పెళ్ళి మాట ఎత్తనివ్వడు. నా బాధంతా అదే. రేపు కిషన్‌బాగ్ పోయి తేల్చుకుంటాను.

ఈశ్వరయ్య

తా.క. తండ్రి వాటా లేదన్న మాట ఆండాలుకు మస్తు నచ్చింది. "సదువుకున్నోళ్ళు గీ ఒక్క ముచ్చట సక్కగ చెప్పిన్రు" అంటున్నది.

---

ఈశ్వరయ్య గారూ, దయచేసి కిషన్‌బాగ్ వెళ్ళకండి.

హరితరేణు అమ్మాయి కాదు. హరితరేణువు అంటే ఆకులో ఉండే పచ్చటి నలుసు. నేను మొక్క అన్నది మొక్కనే. ఒకే తల్లి పిల్లలు ఆ రెండు మొక్కలు, మనుషులు కారు. ఆండాలమ్మ గారికి నా క్షమాపణ చెప్పండి.

ఇంద్రజ

తా.క. మొక్క క్షేమమేనా? నా ఉద్యోగం దాని మీదే ఉంది.

---

మహాలక్ష్మీ సమానురాలైన ఇంద్రజమ్మ గారికి ఈశ్వరయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందేసరికే కిషన్‌బాగ్ పోయి వచ్చాను. కొండల్ నన్ను ఆపడానికి వెంటబడి వచ్చాడు. రామలింగయ్యకు రాగి పాత్రల దుకాణం ఉంది. మీ ఉత్తరం పుణ్యమా అని ఆయనకూ ఇంట్లో అన్నం పుట్టడం లేదు. తిట్టుకుని తిట్టుకుని ఇద్దరం ఒకే హోటల్లో కూలబడ్డాం. ఆయన్ను పిలవడానికి కూతురు సోనీ వచ్చింది. రాగి బిందెలు తోమి తోమి ఆ పిల్ల చేతులూ పచ్చగానే ఉన్నాయి. కొండల్ చేతులు చూసి, "సబ్బుతోని పోదు. చింతపండుతోని రుద్దుండ్రి" అన్నది. వాడు నవ్వాడు. వాడి నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అడ్డమల్లా వరస ఒక్కటే. ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. మనుషులు కారని మీ సంతకంతో ఉంది కదా, గుడి అయ్యగారికి చూపించి లగ్నం పెట్టించాం. పెళ్ళిపెద్ద మీరే.

మొక్క క్షేమం. సోనీ పుట్టింటి మొక్కను సారెతో పాటు తెస్తుందట. అక్కచెల్లెళ్ళు ఒక్క మోరీ దగ్గరే ఉంటారు.

ఈశ్వరయ్య

తా.క. హరితరేణు అమ్మాయి కాదంటే ఆండాలు నమ్మడం లేదు. "మనం కాదన్నమని గట్ల రాసిన్రు పాపం" అంటున్నది. మా చిన్నవాడు బబ్లూ ఉన్నాడు. తన తిండి తనే వండుకునే పిల్లయితే చాలంటున్నాడు.