ఆడ్లెన్‌బాక్ బోర్డు

ట్రాయ్,
ఆదివారం

రాహేలక్కా,

నీకూ బావగారికీ వందనాలు. క్యారీలో చలి తగ్గిందా?

ఒక సాయం కావాలి. పుట్టిన ఊరి గురించి క్లాసులో చెప్పమన్నారని, ఎలీనా జర్మనీలో మనమున్న ఆడ్లెన్‌బాక్ గురించి రాస్తోంది. రెండు కొండల మధ్య వాగు, దాని ఒడ్డున పాత పిండిమర, యుద్ధంలో ఫిరంగుల కోసం కరిగించిన చర్చి గంట, గుర్తున్నవన్నీ చెప్పాను.

ఊరి పేరున్న పసుపుపచ్చ బోర్డు ఫొటో నీ దగ్గరుందా? నా దగ్గరున్నది ఊరు దాటేచోట తీసింది. పేరు మీద ఎర్రగీత ఉంటుంది. వెళ్లిన కొత్తలో ఆ గీత చూసి, "ఈ ఊరు కొట్టేశారే! మనకి ఇల్లెవరిస్తారే?" అని నువ్వు కంగారుపడ్డావు. ఊరి పొలిమేర అయిపోయిందని చెప్పడానికి ఆ గీత అని తెలిశాక ఎంత నవ్వుకున్నామో!

నీ మాటే నిజమైందక్కా. ఈ జనవరిలో ఆ ఊరిని పక్క టౌన్‌లో కలిపేశారట. పాత బోర్డులన్నీ పీకేశారట.

ఇది విని ఎలీనా గీత ఉన్న ఫొటోనే అంటించేసుకుంది. "లైన్ ఉండనీ మమ్మీ. మనం అక్కణ్ణించి వచ్చేశాం కదా, సో అదే కరెక్ట్" అంది.

దాని పని అయిపోయింది. అయినా గీత లేని ఫొటో ఉంటే పంపక్కా. నాకు కావాలి.

నీ చెల్లి