నాలుగో కార్డినల్ గారి లేసు

జులై 8, మంగళవారం

ఇవాళ షాపుకి ఒక కార్డినల్ గారి చొక్కా వచ్చింది. చొక్కా మాత్రమే. మనిషి రాలేదు.

తెచ్చింది ఫాదర్ ఎఫ్రెమ్. మా వీధి చివర చర్చిలో ఫాదర్, ఇక్కడి కరెన్ తెగ మనిషి, పిల్లల యూనిఫాం ఆర్డర్లన్నీ మాకే ఇస్తారు. తడిసిన గొడుగు బయటే పెట్టి, చేతులు రెండుసార్లు తుడుచుకుని, టిష్యూ పేపర్ మడతలు విప్పారు. ఇటలీ నుంచి బర్మాకి ఒక పెద్దాయన వచ్చారట. కార్డినల్ లుడొవీకో. పోప్ తర్వాతి హోదా. ఎనభై ఐదేళ్ళు. ఏదో కౌంట్ల వంశం, అంటే జమీందార్లు. నిన్న ట్వంటే ఊరి అవతల పల్లె చర్చికి కాలవలో వెళ్ళారట. గట్టు మీద జనం పూలతో నిలబడ్డారని ఈయన పడవలోనే చొక్కా తొడుక్కున్నారట. దిగేటప్పుడు పడవ మేకు పట్టుకుని లేసు చిరిగింది. జానెడు. ఆదివారం పూజకి కావాలట.

ఎర్రంగీ మీద వేసుకునే తెల్ల పైచొక్కా. నడుము కిందంతా లేసే. ఆకులు, తీగలు, తీగకో పిట్ట. మొత్తం సూదితో చేసింది. చౌక్తడాలో కోర్టు వెనక షాపు మాది. తొమ్మిదేళ్ళుగా నేను కుట్టేది లాయర్ల నల్ల కోట్లు, గుమాస్తాల ప్యాంట్లు. ఇలాంటిది ముట్టుకోవడానికే భయం వేసింది.

కుదురుతుందా అని ఫాదర్ అడిగారు. నేను నోరు తెరిచేలోపే మామ్మ, అయిపోద్ది అనేసింది. అయిపోద్ది అంటే ఆవిడ చేతుల్లో. నా చేతుల్లో కాదు.

సాయంత్రం 6

మామ్మ చేతికి ఈ పని ఎలా వచ్చిందో రాసి పెట్టుకోవాలి. వాళ్ళ నాన్న అప్పలస్వామి పోర్టులో బస్తాలు మోసేవాడు. కూతురైనా నీడన కూచుని బతకాలని పన్నెండో ఏట కాన్వెంటు వర్క్‌రూములో పెట్టాడు. నన్స్ దగ్గర నాలుగేళ్ళు సూది లేసు నేర్చుకుంది. తర్వాత నన్స్ వెళ్ళిపోయారు, వర్క్‌రూము మూసేశారు. ఇప్పుడు మామ్మకి డెబ్బై ఎనిమిది. ఈ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

నాకు నేర్పమని ఎన్నిసార్లు అడిగానో. నీ ఓపికంతా కాల్లో ఉందే గుంటా, సేతిలో లేదు, మెషిన్ తొక్కుకో అంటుంది. నాకు ఏడుపొస్తుంది. నవ్వేస్తాను.

ఆవిడతోనే ఈ పని పోతుందని నాకు భయం. ఆవిడకి లేదు. అదీ కోపం.

జులై 9, బుధవారం

మామ్మ పొద్దున్నే కిటికీ పక్కకి కుర్చీ జరుపుకుంది. నన్ను సూదిలో దారం ఎక్కించమంది. అంతే. కానీ ఇదివరకు అదీ ఇవ్వలేదు. పదకొండుసార్లు ఎక్కించాను.

ఫాదర్ సన్నదారం ఉండ తెచ్చి, టీ తాగుతూ కూచున్నారు. ఈ లేసు కథంతా చెప్పారు. పెద్దాయన ఇంట్లో ఇప్పటికి నలుగురు కార్డినల్స్. పెద్దకొడుక్కి ఎస్టేటు, రెండోవాడికి చర్చి, అదీ వాళ్ళ లెక్క. లేసు ఆ నలుగురి మీదుగా వచ్చింది. బాబాయి నుంచి అన్న కొడుక్కి, అక్కణ్ణుంచి కిందికి.

మొదటాయన ఇరవై ఒకటో ఏట కార్డినల్ అయ్యాడట. క్వాలిఫికేషన్: పోప్ గారి దగ్గర ఆయన మేనమామకి పలుకుబడి. అప్పటికి ప్రీస్ట్ కూడా కాదు. అప్పట్లో చెల్లేదట. పద్నాలుగు వేటకుక్కలు ఉండేవి. నలభయ్యో ఏట ఒక కుక్క చచ్చిపోతే బుద్ధొచ్చి ప్రీస్ట్ అయ్యాడు.

రెండో ఆయన కథ మామ్మకి బాగా నచ్చింది. కార్డినల్ ఎర్ర టోపీ పెట్టుకుని ఎనిమిదేళ్ళు రోమ్‌లో ఉన్నాడు. ఇంటి దగ్గర అన్నగారు పిల్లలు లేకుండా పోయాడు. వంశం ఆగిపోతుందని పోప్ గారి పర్మిషన్ తీసుకుని, టోపీ తిరిగిచ్చేసి, ఇంటికెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. ఐదుగురు పిల్లలు. అలాగా కుదురుద్దా, మరి పెళ్ళికూతురు ఒప్పుకుందేటి అని మామ్మ ఒకటే అడగడం. ఫాదర్ ఎర్రబడిపోయారు.

మూడో ఆయన ఏడు భాషల రాయబారి. పోప్ ఎన్నికలో నాలుగు ఓట్లతో తప్పిపోయింది. నాలుగో ఆయన మన లుడొవీకో గారు. నలభై ఒక్క సంవత్సరాలు ఒక ఆర్కైవులో పాత ఉత్తరాలు చదివారు. అంతే కెరీర్. ఎనభయ్యో ఏట కార్డినల్ చేశామని ఫోన్ వస్తే రాంగ్ నంబర్ అని పెట్టేశారట.

మా వంశం కూడా లెక్కేశాను. బస్తా, బస్తా, సూది, రైల్వే వర్క్‌షాపు, కుట్టు మెషిన్. ఇన్సేన్ వర్క్‌షాపు నుంచి నాన్న రాగానే చెప్తే, వాళ్ళకంటే మనమే ఎక్కువ పని చేశాం అన్నాడు.

జులై 10, గురువారం

పౌర్ణమి సెలవు. వీధంతా షట్టర్లు మూసి ఉంది. వాన.

మధ్యాహ్నం మూడింటికి మామ్మ దారం తెంపింది. చిరుగు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. చిరుగులో ఒక పిట్ట రెక్క సగం పోయింది, ఆ రెక్క మళ్ళీ వచ్చింది. మామ్మని ముద్దు పెట్టుకున్నాను. పోవే, సెమట అని తోసేసింది. ఇంత సంతోషంగా ఉన్న రోజు ఈ మధ్య గుర్తు లేదు.

జులై 11, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున చొక్కా ప్యాక్ చేద్దామని విప్పితే లేసు అంచున, కొత్తగా కుట్టిన చోట, వేలెడు మేర పసుపు. తడి పసుపు. శుక్రవారం కదా, మామ్మ స్నానం చేసి, దీపం పెట్టి, చేతి పసుపు అలాగే పెట్టేసింది. మా ఇంట్లో కొత్త బట్ట పసుపు అంటకుండా గడప దాటదు. లాయర్ల కోట్లకి కూడా లోపలి కుట్టు మీద పెడుతుంది. నల్ల కోటు కాబట్టి ఏ లాయరూ చూడలేదు.

నేను చొక్కా లాక్కుని కుళాయి దగ్గరికి పరుగెత్తి సబ్బు రాశాను. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఎవరికి తెలియదు? నాకు తెలుసు. ఆ క్షణంలో చేతులకి తెలియలేదు. రెండు వందల ఏళ్ళ లేసు మీద పారాణి పూసినట్టు ఎర్ర మరక.

అప్పుడు అరిచాను. ముసలిదానివైపోయావు, నీకు మతి లేదు, ఇంక జన్మలో సూది ముట్టుకోకు అన్నాను.

మామ్మ సరే అంది. కళ్ళజోడు మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసింది.

నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్ళీ పసుపైంది. ఇంక ఎండే దిక్కు. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది. ఒక్క పూట ఎండ చాలు.

జులై 12, శనివారం, ఉదయం 6

వాన.

9.30

వాన. మేడ మీద రేకు కింద లేసు పట్టుకుని నిలబడ్డాను. కరెంటు కూడా పోయింది. మామ్మ అన్నం తింది, నా వైపు చూడలేదు. మరక సంగతి అలా ఉంచు, ఆ చూపు తిరిగి రాకపోతే ఎలాగ.

12

వాన. ఫాదర్ దగ్గరికి వెళ్తున్నాను. చెప్పేస్తాను.

సాయంత్రం 5

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను!

ఫాదర్ విని తల పట్టుకున్నారు. పెద్దాయనకి ఫోన్ చేసి నాతో షాపుకి వచ్చారు. అరగంటలో టాక్సీ మా షాపు ముందాగింది. పొడుగ్గా, ఎండు కర్రలా ఒక ముసలాయన, మామూలు నల్ల ప్యాంటు, నీళ్ళలో తడిసిన బూట్లు. కస్టమర్ల ప్లాస్టిక్ స్టూలు మీద కూచున్నారు. నేను నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. పసుపు, సబ్బు, నిమ్మకాయ, వాన.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందు పిట్ట రెక్క చూశారు. చాలాసేపు. ఎక్కడ చిరిగిందో నన్నే అడిగారు. తర్వాత పసుపు చూశారు. తర్వాత లేసు తిప్పి వెనక పక్క ఒక గోధుమరంగు మచ్చ చూపించారు. మూడో కార్డినల్ గారి కాఫీ అట. నాలుగు ఓట్లు తప్పిపోయిన పొద్దున పరధ్యానంగా ఒలికించుకున్నాడట. పోప్ అయితే ఈ మచ్చ పడేది కాదు, ఉతకొద్దు, మా వాళ్ళు చూసి అణకువ నేర్చుకోవాలి అన్నాడట. నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వారు, పళ్ళు లేని నవ్వు.

పసుపు ఎందుకు పెట్టారని అడిగారు. మామ్మ బర్మీస్‌లో చెప్పింది, ఫాదర్ ఇంగ్లీషులో. కొత్త బట్ట తొడుక్కున్న బిడ్డ సల్లగుండాలని. ఎవరికి పెడతారు అన్నారు. మా పిల్లలకి అంది మామ్మ.

ఆయన మెల్లగా చెప్పారు. పదకొండో ఏట ఆయన్ని ఫాదర్లని తయారుచేసే సెమినరీ బడికి పంపారట. ట్రంకు నిండా కొత్త బట్టలు, ఒక్కోటీ డజను. సర్దింది నౌకరు. అమ్మ జబ్బుతో పక్క గదిలో ఉంది, తలుపు తియ్యనివ్వలేదు. ఆ బట్టల మీద ఎవరి చెయ్యీ పడలేదు అన్నారు.

ఫాదర్ అది మామ్మకి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. పెద్దాయన ముఖం చూసి మామ్మకి అప్పటికే అర్థమైంది. నేను ఏడ్చాను. దాచడమెందుకు.

తన తర్వాత లేసు తొడుక్కునేవాళ్ళు లేరట. ఇద్దరు అన్న కొడుకులు, ఒకడు మోటార్‌సైకిళ్ళు అమ్ముతాడు, ఒకడు చర్చి ముఖమే చూడడు. మ్యూజియంలో అద్దం వెనక పెడతారట. మీ తర్వాత ఎవరు అని మామ్మని అడిగారు.

మామ్మకి బదులు నేను చెప్పాను. ఎవరూ లేరు, నాకు రాదు, నిన్న నేను సూది ముట్టుకోవద్దని తిట్టాను. అందరి ముందూ మామ్మ కాళ్ళ దగ్గర కూచుని తప్పయిపోయింది అన్నాను.

మామ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. కళ్ళజోడు తే అంది. తెచ్చాను. పసుపు గిన్నె తే అంది. తెచ్చాను. లేసు రెండో కొసన కూడా బొట్టు పెట్టింది. ఆయన తల వంచారు. నెత్తి మీద కూడా కావాలనుకున్నారో ఏమో. మామ్మ వేలు తుడుచుకోకుండా అక్కడా పెట్టేసింది. ఫాదర్ ఎఫ్రెమ్ కళ్ళు మూసుకున్నారు.

జులై 13, ఆదివారం

నాన్న, మామ్మ, నేను చివరి బెంచీలో. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూచోవాలో తెలియదు. అందరూ మోకరిల్లితే మామ్మ ఒక్కతే నిలబడి దణ్ణం పెట్టింది. ఆయన చేతులెత్తినప్పుడు అంచున పసుపు మెరిసింది. మామ్మ నన్ను గిల్లింది. ఇప్పటికీ మంటగా ఉంది.

బయటికొచ్చాక ఫాదర్ చెప్పారు. ఆ పసుపేమిటని ఎవరో కుర్ర ప్రీస్ట్ కంగారుగా అడిగాడట. మా ఇంట్లోవాళ్ళు పెట్టారు అన్నారట పెద్దాయన.

ఇంటి మెట్లెక్కుతూ మామ్మ, మన జమీందారు అబ్బాయి బాగా సిక్కిపోయాడే అంది.

జులై 14, సోమవారం

రెండు లాయరు కోట్లు. ఒక ప్యాంటు, పొడుగు తగ్గించాలి. వాన.

జులై 16, బుధవారం

సూది లేసు ఆరు కుట్లు వేశాను. ఐదు మామ్మ విప్పించింది. ఒకటి ఉంచింది.