ఆ పిల్ల ఏరిన మూడు బొమ్మలు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే డిగ్రీకి సాయంత్రం క్లాసులు సాగుతున్నాయి. నిన్న మా క్లాసుకు తీసుకొచ్చిన ఒక పాపకు బొమ్మల కార్డులు పరిచాను. ఎనిమిదేళ్లొచ్చినా నోరు విప్పని పిల్ల.

"ఏం చెప్పాలనుందో చూపించు తల్లీ" అన్నాను.

ముసలమ్మ, మెట్లు, కిందపడ్డ మనిషి ఉన్న కార్డులు ఏరి నా ఒళ్లో పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాళ్లింట్లో ముసలివాళ్లూ లేరు, మెట్లూ లేవే!" అంది మాకు పాఠాలు చెప్పే మేడమ్.

కార్డులన్నీ కలిపేసి మళ్లీ పరిచాను. మళ్లీ అవే మూడు తీసింది. అందుకే ఇవాళే నీకు రాస్తున్నాను.

మేడ మీదున్న నా పుస్తకాలు ఇప్పుడే పంపొద్దు, వాటికోసం నువ్వు మెట్లెక్కకు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లికి ముద్దులు. ఈ పోస్టుకార్డు అందగానే జవాబు రాయి. నాన్నచేత రాయించకు, నీ చేత్తోనే రాయి.

నీ పెద్దమ్మాయి