వెడల్పు గొట్టంలో గాలి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక రేపల్లె నుంచి బస్సెక్కి బాపట్లలో మీ కాలేజీకి వెళ్ళాను. నువ్వు సగంలో వదిలేసిన జెట్ ప్రయోగాన్ని నీ విద్యార్థులు పూర్తిచేసి, చూడ్డానికి నన్ను రమ్మన్నారు.

ముందు మీ హెడ్డుగారి ఉపన్యాసం. "ధ్వనివేగాన్ని దాటిన గాలి, గొట్టం వెడల్పయ్యే కొద్దీ ఇంకా వేగం పుంజుకుంటుందండి. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే," అన్నాడు. ఎంత నున్నగా అన్నాడో! ఇదే మాట నువ్వంటే, "కాలవ వెడల్పైతే నీళ్ళు నెమ్మదిస్తాయమ్మా, ఆపాటి తెలీదా?" అని స్టాఫ్‌రూములో అందరి ముందూ నవ్విన మనిషే. ఆ రోజు నువ్వు అన్నం తినలేదు. అలాంటివాడి మాటకి నువ్వు పస్తున్నావని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తెనాలి నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన, "ఎందుకు పుంజుకుంటుందండి?" అని అడిగాడు. హెడ్డు మెడలో దండ సర్దుకుని, "అది చాలా లోతైన విషయమండి," అన్నాడు. ఆ లోతుకి ఆయన ఏనాడు దిగాడు గనక!

నీ శిష్యురాలు మేరీ లేచింది. "ఆ వేగంలో గొట్టం వెడల్పయ్యే దానికన్నా ఎక్కువగా గాలి పలచబడిపోతుందండి. అందుకే అంత గాలీ బయటికి పోవాలంటే ఇంకా వేగంగా పరిగెత్తాలి. మా మేడమ్ చెప్పారు," అంది. గాలి కంప్రెసరూ, ప్రొజెక్టర్ లైటూ వేసి, "సార్, వెలుతురుకి అడ్డొస్తున్నారు, కాస్త జరగండి," అంది.

జరిగాడు. గొట్టం మూతి దగ్గర గాలిలో పుట్టిన షాక్ తరంగాల నీడలు తెరమీద వజ్రాల వరసలా నిలిచాయి. అవి ఉన్నంతసేపూ ఒక్కరూ ఆయనవైపు చూడలేదక్కా.