చెల్లె చేతుల ఆపరేషన్ సంగతి

చిక్కడపల్లి

అమ్మా,

నీ కాళ్లకు మొక్కి పద్మ రాస్తున్నది. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా? మేమిద్దరం బాగానే ఉన్నాం, నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్ చేయక ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావేమో. మాది ఒక్కటే గది, మీ అల్లుడు పక్కనే ఉంటాడు. ఈ సంగతి ఆయన ముందు నా నోట రాదు. చెల్లె చదివి వినిపిస్తుంది కదా. శైలూ, ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. నారాయణగూడ మార్కెట్‌లో మామిడికాయలు వచ్చాయి కానీ, మన వైపు కాయల పులుపు లేదు. పచ్చడి పెడితే చిన్న జాడీ పంపు.

చెల్లెకు కూడా నాకు చేసినట్టే చేతుల చెమటకు ఆపరేషన్ చేయిద్దామని, సంబంధం వాళ్లు వచ్చేలోపు అయిపోవాలని నువ్వు అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నీ భయం నాకు తెలుసు. నా పెళ్లిలో తలంబ్రాలు పోయబోతే బియ్యం అరచేతులకే అతుక్కుని, పసుపు మోచేతుల దాకా కారింది. "పిల్ల చేతులల్ల బోరు వేసిన్రా ఏంది?" అని మీ అల్లుడి మేనత్త అంటే పందిరంతా నవ్వింది. నువ్వొక్కదానివే నవ్వలేదు. ఆ మాట మరిచిపోలేకే పట్టుబట్టి నాకు ఆపరేషన్ చేయించావు.

అమ్మా, చేతులు బాగయ్యాయి. చంకల కింద గాట్లు మానిపోయాయి. అరచేతులు ఎండి పగులుతున్నాయి కూడా. ఎవరొచ్చినా మీ అల్లుడు "చూడన్నా, మా పద్మ చేతులు ఎట్ల పొడిగున్నయో" అని పట్టి చూపిస్తాడు. పాదాలకు మాత్రం తగ్గలేదు, మెట్లు దిగితే చెప్పు జారుతుంది. చేతుల చెమటంతా ఇప్పుడు వీపుకు, పొట్టకు, తొడలకు వచ్చింది. కూర్చుని లేస్తే నేల తడి.

చేతులు బాగయ్యాయని అశోక్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేసే పనికి కుదిరాను. పరీక్షలకు చదివే పిల్లలు "పద్మక్కా, ఇంకోటి వెయ్యవా" అని ప్రేమగా అడిగేవారు. పొయ్యి ముందు నిలబడితే చీర కుచ్చిళ్ల దాకా తడిసేది. ఒక పిల్ల "అక్కా, స్నానం చేసి గట్లనే వచ్చినవా?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అనుకుంది. మర్నాడు హాస్టల్ ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఏమనుకోకు పద్మా, పిల్లలు జర పరేషాన్ అయితున్నరు. రేపటి నుంచి రాకు" అంది. చేతుల పిండి కడుక్కుని వచ్చేశాను.

పరుపు తడుస్తుందని మీ అల్లుడు గుమ్మం దగ్గర చాప వేసుకుంటున్నాడు. కోపం లేదమ్మా ఆయనకు. "ఇక్కడ గాలొస్తది" అంటాడు. ఇదివరకు నా తడి చేతిలోనే చెయ్యి పెట్టి నిద్రపోయేవాడు.

డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. "కోసిన నరం మళ్ల అతకదమ్మా. కొందరికి వేరే చోట చెమట పడుతదని ముందే చెప్పిన కదా" అన్నాడు. నిజమే, ఆపరేషన్‌కు ముందు నీ ఎదుటే చెప్పాడు. "నువ్వేమంటవమ్మా?" అని నన్నే అడిగాడు. నేను నేల చూస్తుంటే నువ్వే "చేతులు నలుగురు చూస్తరు సారూ, వీపు ఎవరు చూస్తరు?" అన్నావు. నిన్ను తప్పు పట్టడం లేదమ్మా, ఒట్టు. నా మంచికే అన్నావు.

చెల్లెకైతే ముందు చేతులకు రాసుకునే మందు వాడి చూడొచ్చని ఆయనే అన్నాడు. చెల్లెను ఆపరేషన్‌కు తీసుకెళ్లేముందు నా దగ్గరికి పంపు. ఈ ఎండల్లో కొన్నాళ్లు నాతో ఉండనీ. నేను పూటకెన్ని జాకెట్లు పిండి ఆరేస్తున్నానో తనే చూస్తుంది. సంబంధం వాళ్లు ఆగకపోతే పోనీ.

నాయనకు, పెద్దమ్మకు నా దండాలు. శైలూ, అమ్మ మీద కోపం పెట్టుకోకు. అమ్మా, మమ్మల్ని ఇద్దరినీ దీవించు. అన్నీ చూశాక కూడా ఆపరేషన్ కావాలని చెల్లె అంటే నేనే తోడు వెళ్తాను. కానీ డాక్టరు దాన్ని అడిగినప్పుడు నువ్వూ నేనూ మాట్లాడొద్దు. అది తల ఎత్తి చెప్పేదాకా ఆగుదాం.

నీ పెద్ద బిడ్డ
పద్మ