లైటు యంత్రమే కొను

రవీ,

మీ అన్నయ్యను పోగొట్టుకున్న రోజున పందెం ముగిసే గీత దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడింది నేనే. అందుకే నిన్న నువ్వు "వదినా, మోప్కా ట్రాక్‌లో పందెం కార్లకి టైము పట్టడానికి ఏటి కొనమంటావు?" అంటే వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇప్పుడు బడికి వేళయింది. పప్పు పొయ్యి పక్కన ఉంది, వేడి చేసుకో.

స్టాప్‌వాచీలు వద్దు. లైటు యంత్రం కొను. గీతకు అటూ ఇటూ పెడితే, కారు అడ్డొచ్చిన క్షణాన్ని అదే పట్టుకుంటుంది. రెండు కార్లు కలిసి దాటితే ఏది ఎవరిదో దానికి తెలియదని, అది పెద్ద లోపమని నీ స్నేహితులు అంటున్నారట. ఆ లోపం కోసమే కొనమంటున్నాను. అప్పుడు ఒక్కొక్క కారునే వదులుతారు. కారుకో వాచీ ఉందన్న ధీమాతోనే ఆరోజు అందరినీ కలిపి వదిలారు. మీ అన్నయ్య మలుపులో పక్క కారును దాటబోయారు.

"టీచరమ్మా, ఇది నీ పిల్లల పరుగుపందెం కాదు, రెప్ప వెయ్యకు" అని ఆయన నవ్వుతూ వెళ్లి కారెక్కారు. నేను వెయ్యలేదు. అందరూ మలుపు వైపు పరిగెత్తినా నేను గీత దగ్గరే ఉండిపోయాను. వాచీ ఆపడం తోచలేదు. కీ అయిపోయి అదే ఆగింది.

ఆదివారం నన్ను ట్రాక్‌కి రమ్మనకు. నువ్వు మాత్రం భోజనానికి ఇంటికి రా.

వదిన

నీకు హిందీ చదువే అలవాటైనా, తెలుగు కూడబలుక్కునైనా చదువు. ఇది హిందీలో రాయలేకపోయాను. ఆ వాచీ మా బడిది, ఆటలపోటీలకు అడుగుతున్నారు. ముల్లును సున్నాకి తెచ్చి ఇవ్వాలి. ఇంకా దాన్ని కదపలేదు.