కవరులో పెట్టిన జుట్టు

వదినగారికి,

మీరు పంపిన లింకులో నాలుగు రోజుల ప్రసంగాలూ మిషను మీద చొక్కాలు కుడుతూనే విన్నాను. ఒక చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకున్నాను. ఆటిజం ఒంట్లో చేరిన లోహాల వల్లేనని, అవి కడిగేస్తే పిల్లలు గలగలా మాట్లాడతారని ఆ పెద్దమనిషి చెబుతుంటే ఏడుపొచ్చింది. మా పాప పిచ్చుక జుట్టు ఆయన దగ్గరికి పరీక్షకి పంపమని మీరూ రోజూ పోరారు.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. నేను రోజంతా కత్తెర పట్టేదాన్నే గానీ, అది తల దగ్గరికి వస్తే చాలు మీ మేనకోడలు ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకని నా జుట్టే కత్తిరించి కవరులో పెట్టాను. తల్లీకూతుళ్లం, ఒకటే రక్తం కదా అనుకున్నాను.

నిన్న రిపోర్టూ, చుక్కల మందు సీసా వచ్చాయి. "ఏడేళ్ల మీ పాప ఒంట్లో లోహాలు బాగా ఎక్కువ. అందుకే నిద్రపోదు, పిలిస్తే పలకదు, ఒకచోట నిలవదు" అని రాశారు. పిచ్చుక హాయిగా నిద్రపోతుంది వదినా. ఆ ప్రసంగాలు మొదలైన దగ్గర్నుంచి ఆ లక్షణాలన్నీ నావే. మీ తమ్ముడు చదివి, "అయితే మందు నువ్వే తాగు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంత తెలిసి కూడా సీసా పారెయ్యలేక, పొద్దుటి నుంచి ఒక అరలోంచి ఇంకో అరలోకి మారుస్తున్నాను. ఒకవేళ పనిచేస్తే? అని ఒకటే పురుగు తొలుస్తోంది. పారెయ్ అని మీ నోటితో ఒక్క మాట అనండి. తొందరగా అనండి. మూత తియ్యనని నా మీద నాకు నమ్మకం లేదు.

మీ మరదలు